మూల్కి దేవాలయపు తీర్పు: వ్యాఖ్యానధర్మ విమర్శ

న్యాయస్థానముల తీర్పులను సాహిత్యపరిశోధకులు విమర్శకు గ్రహించుట మనలో అరుదు. తీర్పు న్యాయవాదుల సొత్తనియు, కావ్యము మన సొత్తనియు ఒక సరిహద్దు గీచికొని యున్నాము. కాని తీర్పుగూడ ఒక వ్యాఖ్యానమే. మూలగ్రంథ మొకటి యుండును; అందు ఒండొంటితో పొసగనట్లు తోచు వాక్యములు రెండుండును; వానిని పరిశీలించి అర్థనిర్ణయము చేయవలసిన భారము వ్యాఖ్యాతపై పడును. మీమాంసకులు వేదవాక్యములయందు చేసిన పనినే న్యాయమూర్తి శాసనవాక్యములయందు చేయును. భేద మొక్కటియే. కావ్యవ్యాఖ్యాత పొరపడినచో ఒక పద్యము చెడును. న్యాయమూర్తి పొరపడినచో ఒక మనుష్యుడు గుడివాకిట నిలిచిపోవును. లేదా ఒక సమాజము తాను కట్టుకొన్న గుడిలో తానే పరాయిదగును.

ఈ వ్యాసమున విమర్శింపబూనినది 1957 నవంబరు 8వ తేదీన భారత సర్వోన్నత న్యాయస్థానము వెలువరించిన 'శ్రీ వేంకటరమణ దేవరు – మైసూరు రాజ్యము' అను వ్యాజ్యపు తీర్పు. వివక్షను నిషేధించు శాసనమునకును మతస్వాతంత్ర్యమునకును మన దేశమున నడచిన వివాదములలో దీనిది ముఖ్యస్థానము. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పక్షమున దీనిని రచించినవారు టి. ఎల్. వేంకటరామ అయ్యరుగారు. వీరు ముత్తుస్వామి దీక్షితుల కీర్తనసంప్రదాయమును అంబి దీక్షితులయొద్ద అభ్యసించిన విద్వాంసులు. 1944లో సంగీతకళానిధి బిరుదము నందినవారు. సంప్రదాయమనగా నేమో, దానిని కాపాడుకొనువాని మనస్సెట్టిదో లోపలినుండి ఎఱిగినవారు సంప్రదాయమునకు హద్దు గీయవలసి వచ్చెను. ఆ హద్దును వారెట్లు గీచిరి, ఎంతవఱకు న్యాయముగా గీచిరి యనునదియే ఇందలి విచారము. మీమాంసాధికరణమునందువలె విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము అను క్రమమున నడచెదను.

విషయము

దక్షిణకన్నడ మండలమున మూల్కి పేటలో శ్రీ వేంకటరమణస్వామి యాలయము కలదు. దానిని పోషించువారు గౌడసారస్వత బ్రాహ్మణులు. వీరి పూర్వులు గోవా ప్రాంతమున పోర్చుగీసువారి మతపీడనమునకు తాళలేక దక్షిణమునకు వలసవచ్చిన వారు. తమ దేవుని తాము కొలుచుకొనుటకు చోటులేక ఊళ్లు విడిచినవారి సంతతి ఒక గుడిని చూపి 'ఇది మాది' యని గట్టిగా పట్టుకొనుట సహజమే. ఈ సంగతి మఱచి ఈ వివాదమును ఆచారపరాయణుల మొండితనముగా మాత్రమే చదువువారు దానిలో సగమే చదివినవారగుదురు.

1947లో మద్రాసు శాసనసభ దేవాలయప్రవేశ శాసనమును చేసెను. వెలివేయబడిన తరగతుల హిందువులు, ఎట్టి ఆచారము విరుద్ధముగా నున్నను, తక్కిన హిందువులవలెనే, వారితో సమానమైన మేరకు, హిందూ దేవాలయములలో ప్రవేశించి పూజింపవచ్చునని దాని తాత్పర్యము. నాడు దక్షిణకన్నడమును, కోస్తా రాయలసీమ మండలములును మద్రాసు రాష్ట్రముననే యుండెను. కావున ఈ చట్టము మూల్కికెట్లో నెల్లూరికిని కడపకును అట్లే వర్తించెను. మన తాతలనాటి గుళ్ల తలుపులు తెఱపించినదియు ఈ శాసనమే.

మూల్కి ధర్మకర్తలు తమ ఆలయము సర్వజనులది కాదనియు, తమ సమాజమువారిదే యనియు ప్రభుత్వమునకు విన్నవించుకొనిరి. ఆలయము చట్టమునకు లోబడినదేయని 1948 జూను 25న ప్రభుత్వము ఉత్తరువిచ్చెను. ధర్మకర్తలు 1949లో దావా వేసిరి. దావా నడచుచుండగనే రెండు మార్పులు కలిగెను. ఒకటి: హిందువులలో ఒక వర్గముకొఱకు ఏర్పడిన ఆలయములకుగూడ వర్తించునట్లు 1949లో చట్టము సవరింపబడెను. రెండవది: 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. అంతట ధర్మకర్తలు తమ వాదమును రాజ్యాంగముపై నిలిపిరి. హైకోర్టు మధ్యేమార్గము పట్టెను: సామాన్యముగా ఆలయప్రవేశము ఎల్లరకును కలదు, కొన్ని విశేషకర్మలు జరుగునప్పుడు మాత్రము గౌడసారస్వతులకే స్థానము. ఈ నిర్ణయము ధర్మకర్తలకును రుచింపలేదు, ప్రభుత్వమునకును రుచింపలేదు. వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమునకు చేరునప్పటికి, 1956 రాష్ట్రపునర్విభజనచే దక్షిణకన్నడము మైసూరు రాజ్యమున చేరియుండెను. తీర్పునకు ఆ పేరు వచ్చిన కారణ మిదియే.

సంశయము

మూలగ్రంథమును చూతము. రాజ్యాంగమున 25వ అనుచ్ఛేదము ఎల్లరకును అంతఃకరణస్వాతంత్ర్యమును, మతమును అవలంబించి ఆచరించి ప్రచారము చేయు హక్కును ఇచ్చుచున్నది. కాని దానిలోనే రెండవ ఖండమున ఒక నియమము కలదు: సంఘసంస్కరణమునకుగాని, సార్వజనికములైన హిందూ మతసంస్థలను అన్ని తరగతుల హిందువులకును తెఱచుటకుగాని రాజ్యము శాసనము చేయుటకు 'ఈ అనుచ్ఛేదములోని దేదియు' అడ్డు కాదు. దాని వెంటనే 26వ అనుచ్ఛేదము ప్రతి మతశాఖకును మతవిషయములలో తన వ్యవహారములను తానే నడపుకొను హక్కు నిచ్చుచున్నది. ఈ హక్కునకు చెప్పిన పరిమితులు మూడే: ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యము.

25వ అనుచ్ఛేదపు రెండవ ఖండము ఊరక వచ్చినది కాదు. 1947లో ప్రాథమికహక్కుల ఉపసంఘమున మతాచరణస్వాతంత్ర్యమును నిరంకుశముగా ప్రకటించినచో సంఘసంస్కరణశాసనములన్నియు కూలునని రాజకుమారి అమృతకౌరు హెచ్చరించిరి. అల్లాడి కృష్ణస్వామయ్యగారు ఆమెతో ఏకీభవించిరి. అల్లాడివారు నెల్లూరుమండలపు పూడూరున ఒక పురోహితుని యింట పుట్టినవారు. మతమును వెలుపలినుండి చూచి భయపడినవారు కారు. దాని బలమును ఇంటనే చూచినవారు. సంస్కరణశాసనములకు చోటిచ్చు వాక్యము ఆ చర్చలనుండియే రూపుదాల్చినది.

కాగా సంశయ మిది. ఒక శాఖవారి ఆలయమున ఎవరు ప్రవేశింపవలె నను ప్రశ్నకు 25 సమాధానమా, 26 సమాధానమా?

పూర్వపక్షము

ధర్మకర్తల వాదమును తేలికగా త్రోసివేయరాదు. శబ్దప్రమాణమును నమ్మువారికి అది మిక్కిలి బలమైనది. మొదట, ఆలయము ఒక మతశాఖకు చెందినది. రెండవది, గుడిలో ఎవరెంతదూరము పోవచ్చునను నిర్ణయము ఆగమశాస్త్రమునకు సంబంధించినది. కావున అది మతవిషయమే. మూడవది, 25లో నున్న మాట 'ఈ అనుచ్ఛేదములోని దేదియు' అని మాత్రమే. అనగా సంస్కరణశాసనము 25 ఇచ్చిన హక్కును తగ్గింపవచ్చునేకాని 26 ఇచ్చిన హక్కును ముట్టరాదు. శాసనకర్తలు 26నుగూడ లోబఱుపదలచినచో ఆ సంగతి చెప్పియుందురు. చెప్పలేదు. లేని మాటను కల్పించుట వ్యాఖ్యాతకు తగదు.

ఇట్టి పూర్వపక్షము ఎదుట నిలిచినప్పుడు వ్యాఖ్యాతకు మూడు దారులు కలవు. ఒకటి, ఎదుటివాని ఆధారమునే కాదనుట: 'నీది మతశాఖయే కాదు' అనియో, 'నీవు చెప్పునది మతమే కాదు' అనియో పలుకుట. రెండవది, అతని వాదమునకు తలయొగ్గుట. మూడవది, అతడు చెప్పినది సత్యమేయని అంగీకరించి, అయినను మఱియొక సత్యము దానికంటె ఎక్కువ బరువైనదని చూపుట. మొదటిది సులభము. మూడవది కష్టము. అయ్యరుగారు మూడవదానిని ఎన్నుకొనిరి.

సిద్ధాంతము

తీర్పు మొదటి రెండు వాదములను ఒప్పుకొన్నది. మూల్కి ఆలయము గౌడసారస్వతుల శాఖకు చెందినదే. ప్రవేశనిర్ణయము మతవిషయమే, ఆగమములును, కముది దేవాలయమున నాడారుల ప్రవేశమును గుఱించి 1908లో ప్రీవీకౌన్సిలు చెప్పిన తీర్పును ఇందుకు తార్కాణములుగా గ్రహించినది. చదువరి ఇచట ఆగి చూడవలెను. వాదికి ఇంత యిచ్చిన పిదప అతడే గెలుచునని తోచును.

అప్పుడు తీర్పు మూడవ వాదమును పట్టుకొన్నది. 'సార్వజనికములైన హిందూ మతసంస్థలు' అను మాటలో శాఖాలయములుగూడ ఇమిడియున్నవి. ఒక కుటుంబపు సొంతగుడి మాత్రమే దానికి వెలుపల నుండును. ఇట్లయినప్పుడు 25, 26 రెండును ఒకే వస్తువునుగూర్చి మాటలాడుచున్నవి; రెండును సమానాధికారము గలవి. 26నకు పూర్తిబల మిచ్చినచో శాఖాలయముల విషయమున 25లోని ఖండము సర్వథా వ్యర్థమగును. 25లోని ఖండమునకు బలమిచ్చినచో 26 వ్యర్థము కాదు. పూజాప్రవేశమను ఒక్క అంశమున మాత్రము తగ్గి, తక్కిన మతవ్యవహారము లన్నిటను అక్షతముగా నుండును. కావున ప్రవేశవిషయమున 25 ప్రబలము.

మీమాంసకులకు ఇది క్రొత్తమార్గము కాదు. అతిరాత్రయాగమున షోడశిపాత్రను గ్రహింపవలెనని ఒక వాక్యము, గ్రహింపరాదని మఱొక వాక్యము ఉండగా, వేఱు గతిలేక వికల్పము నొప్పుకొన్నారు. కాని వికల్పము ఎనిమిది దోషములతో కూడినదనియు, వాక్యములలో ఏదియు అనర్థకము కాకుండ సమన్వయింప వీలున్నంతకాలము దానిని ఆశ్రయింపరాదనియు వారే శాసించిరి. ఏ అర్థము చెప్పినచో ఒక వాక్యము పూర్తిగా చచ్చునో ఆ అర్థమును విడిచి, ఏ అర్థము చెప్పినచో రెండును బ్రదుకునో దానిని గ్రహించుట వారి పద్ధతి. కిశోరీలాల్ సర్కారుగారు 1905లో టాగూరు న్యాయోపన్యాసములలో ఈ మీమాంసాన్యాయములు చట్టమున కెట్లుపకరించునో విస్తరించి చూపియున్నారు. మూల్కి తీర్పున న్యాయవాదుల పరిభాష ఇంగ్లీషుది. నడక మాత్రము మనకు తెలిసినదే.

పిదప తీర్పు మఱొక మెట్టు దిగినది. 25 ప్రబలమన్నంతమాత్రమున 26 నశించినదా? లేదు. ఆలయప్రవేశపు హక్కు గలవాడు గుడి రాత్రింబవళ్లు తెఱచియుండవలె ననరాదు. అర్చకుడు చేయవలసిన కర్మను తానే చేసెదననియు అనరాదు. అట్లే కొన్ని విశేషకర్మల సమయమున శాఖవారు మాత్రమే యుండుట, ఇతరుల పూజాహక్కును గణనీయముగా తగ్గింపనంతవఱకు, చెల్లును. తగ్గించునదైనచో ఆ శాఖాహక్కే తొలగవలెను. ఈ విధముగా హైకోర్టు తీర్పు నిలిచెను.

గుణవిచారము

ఈ తీర్పుయొక్క ప్రధానగుణము దాని ఫలితమున కాదు, దాని నిజాయితీలో నున్నది. ఓడినవానితో అది 'నీవు నీ మతమును సరిగా తెలిసికొనలేదు' అనలేదు. 'నీ మత మట్టిదే. నీవు కోల్పోవుచున్నది నిజమైన హక్కే. అయినను నీ వాకిట నిలిచినవాని హక్కు ఈ ఒక్కచోట నీ హక్కుకంటె బరువైనది' అని దాని సారము. ఓడినవానికి ఓటమి కలిగినది కాని అవమానము కలుగలేదు.

తరువాత వచ్చిన తీర్పులతో పోల్చినప్పుడు ఈ గుణము స్ఫుటమగును. 1954లో శీరూరు మఠపు వ్యాజ్యమున (అదియు దక్షిణకన్నడమునుండి వచ్చినదే) మతమునకు ఏది సారభూతమో ఆ మతసిద్ధాంతములనుబట్టియే తెలిసికొనవలెనని ముఖర్జీగారు చెప్పిరి. ఇది మతశాఖలపట్ల గౌరవముతో పలికిన మాట. కాని ఈ 'సారభూతము' అను మాట క్రమముగా న్యాయమూర్తి చేతిలోని జల్లెడయైనది. 1961లో అజ్మీరు దర్గా వ్యాజ్యమున గజేంద్రగడ్కరుగారు, మూఢవిశ్వాసములనుండి పుట్టి మతమునకు వెలుపలినుండి అంటుకొన్న ఆచారములకు రక్షణ లేదనిరి. 1966లో స్వామినారాయణ సత్సంగుల వ్యాజ్యమున ఆ దారి తుదకు చేరినది. అహమ్మదాబాదు మందిరములలోనికి హరిజనులు వత్తురని 1948లో సత్సంగులు దావావేసి, తాము హిందువులు కామని వాదించిరి. న్యాయస్థానము హిందూమతమనగా నేమో దీర్ఘముగా వర్ణించి, సత్సంగుల భయము మూఢత్వము, అజ్ఞానములవలనను, హిందూమతమును, తమ గురువైన స్వామినారాయణుని బోధలను అపార్థము చేసికొనుటవలనను కలిగినదని తేల్చినది.

ఫలితమున ఈ రెండు తీర్పులకు భేదము స్వల్పము. రెండింటను తలుపు తెఱవబడినది, తెఱవబడుటయు ధర్మమే. కాని వ్యాఖ్యానమున భేదము గొప్పది. మొదటిది వాది వాక్యమును వాది యర్థముతోనే గ్రహించి, దానికి ప్రతివాక్యము చూపినది. రెండవది వాది వాక్యమునకు తానే అర్థము చెప్పి, 'నీ గురువు చెప్పినది ఇది' యని అతనికే పాఠము చెప్పినది.

ఇచట ఒక ఆక్షేపము కలుగును. సర్వసమత్వము మన మతములయందే కలదు గదా, దానిని న్యాయమూర్తి ఎత్తిచూపినచో దోషమేమి? నారాయణగురువును గాంధిమహాత్ముడును చేసినది అదియే గదా? నిజమే. కాని వారు భక్తులుగా తోటిభక్తులకు చెప్పిరి. విననివాడు వినకపోవుటకు స్వేచ్ఛ గలవాడు. న్యాయమూర్తి చెప్పునది అట్టిది కాదు; అతని వెనుక రాజదండము కలదు. ఏది నిజమైన మతమో నిర్ణయించు అధికారమును రాజ్యమునకు ఒకసారి యిచ్చినచో, అది నేడు బలవంతుని తలుపు తెఱచినను, రేపు బలహీనమైన శాఖ గొంతు నొక్కవచ్చును.

ఈ జల్లెడకు రెండవ దోషముగూడ కలదు. అది బహిష్కృతునికిని నమ్మదగినది కాదు. బొంబాయి రాష్ట్రము 1949లో మతబహిష్కారమును నిషేధించు చట్టము చేసెను. దావూదీ బోహ్రాల మతాధిపతి దానిని ఎదిరించెను. 1962లో సర్వోన్నత న్యాయస్థానము నలుగురి మతమున, బహిష్కారాధికారము ఆ శాఖకు మతవిషయమేయని చెప్పి, చట్టమును కొట్టివేసెను. ప్రధానన్యాయమూర్తి సిన్హాగారొక్కరు విభేదించిరి. బహిష్కృతుడు తన సమాజమున అంటరానివానితో సమానుడగుననియు, అట్టి అవమానమునుండి మనుష్యుని కాపాడు శాసనము సంస్కరణశాసనమేననియు వారి యభిప్రాయము. 'ఇది మతమునకు సారమా కాదా' అను ప్రశ్న యొకదానిపైననే సర్వభారము మోపినచో, సారము కాదన్నప్పుడు విశ్వాసికి అవమానము. సారమన్నప్పుడు బహిష్కృతునికి అన్యాయము. మూల్కి తీర్పు మార్గమున ఈ రెండును తప్పును. మతమేయని ఒప్పుకొనియు, మనుష్యుని వెలివేయుటకు అది చాలదని చెప్పవచ్చును.

దోషవిచారము

గుణములను చెప్పిన విమర్శకుడు దోషములను దాచరాదు. మూల్కి తీర్పున నాకు తోచిన లోపములు రెండు.

మొదటిది 'గణనీయముగా' అను మాట. శాఖవారికి విడిచిన విశేషకర్మలు ఇతరుల హక్కును గణనీయముగా తగ్గింపరాదని తీర్పు చెప్పినది. తగ్గించునో లేదో దేనితో కొలుచుట? మిగిలిన కాలము విస్తారముగా నున్నదిగదా యని తీర్పు కాలముతో కొలిచినది. కాని బహిష్కారము గడియలతో కొలువదగినది కాదు. ఏడాదికి ఒక్కదినము మూసిన తలుపైనను, ఆ దినము ఉత్సవదినమై, మూసినది 'నీవు తక్కువవాడవు' అని చెప్పుటకే యైనచో, తక్కిన దినములన్నియు తెఱచియున్నను ఆ గాయము మానదు. మఱియొకవైపున, ఒక దీక్షాకర్మకు దీక్షితులు మాత్రమే యుండుట ఎవనికిని అవమానము కాదు. కావున కొలత కాలము కాదు. ఆ నిషేధము పలుకుచున్న మాట యేది యనునదియే కొలత. తీర్పు ఈ భేదమును విడదీసి చూపలేదు.

రెండవది మొదటిదానికి మూలము. ఈ తీర్పున ధర్మకర్తల వాదము నిండుగా వినబడును. రాజ్యపు వాదము నిండుగా వినబడును. ఆగమము పలుకును, ప్రీవీకౌన్సిలు పలుకును. వాకిట నిలిచినవాని పలుకు మాత్రము మిక్కిలి సన్నగా వినబడును. అతని హక్కును రాజ్యము తన శాసనాధికారముగా వాదించినది. అతని యనుభవము ప్రమాణముగా గ్రంథమున చేరలేదు. ఎవనికొఱకు శాసనము పుట్టినదో అతడు వ్యాఖ్యానమున 'తరగతి' గా మాత్రమే మిగిలినాడు.

ఈ కొఱత యెట్టిదో తెలుగు చదువరికి వేఱుగ చెప్పనక్కఱలేదు. మద్రాసు చట్టమునకు ఆఱేండ్లముందు, 1941లో, జాషువగారి 'గబ్బిలము' వెలువడినది. ఆలయమున అడుగిడరాని మనుష్యుడు కాశీలోని శివునికి తన మొఱ చేరవేయుటకు గబ్బిలమును దూతగా పంపును. గర్భగుడిలో పక్షికున్న ప్రవేశము మనుష్యునికి లేకపోవుటయే ఆ కావ్యమునకు బీజము. శివుడు తనవాడు కాడని ఆ మనుష్యు డనలేదు. ఆలయము చెడ్డదియు ననలేదు. తనకును ఆ దేవునకును నడుమ నిలిచిన తలుపునే ప్రశ్నించెను. అనగా అతడును మతస్వాతంత్ర్యమునే అడుగుచున్నాడు. మన వాదప్రతివాదములలో ఒకవైపు మతస్వాతంత్ర్యము, ఒకవైపు సమత్వము అని రెండు తట్టలు కట్టి తూచుట పరిపాటి. నిజమునకు రెండు తట్టలలోను మతస్వాతంత్ర్యమే కలదు; ఒకటి లోపలివానిది, ఒకటి వెలుపలివానిది. న్యాయస్థానము పదునాఱేండ్ల తరువాత ఇంగ్లీషున వ్రాసిన తీర్పు చూడని ఈ కోణమును తెలుగుకవి ముందే చూచినాడు. తీర్పునకు కావ్యము ప్రమాణము కాకపోవచ్చును. కాని 'గణనీయము' అను మాటకు కొలత వెదకు వ్యాఖ్యాతకు ఆ దృష్టి తప్పక ఉపకరించియుండును.

ఉత్తరకథ

మూల్కి వివాదము ముగిసినను ప్రశ్న ముగియలేదు. 2018 సెప్టెంబరు 28న శబరిమల తీర్పున నలుగురు న్యాయమూర్తులు పది ఏండ్లకును ఏబది ఏండ్లకును నడిమి స్త్రీల ప్రవేశనిషేధము చెల్లదనిరి. వారిలో చంద్రచూడ్ గారు అస్పృశ్యతను రద్దుచేసిన 17వ అనుచ్ఛేదమును ఈ స్త్రీల బహిష్కారమునకును అన్వయించిరి. ఇందూ మల్హోత్రాగారు విభేదించి, భక్తుల గాఢవిశ్వాసముల యుక్తాయుక్తములను న్యాయస్థానము పరీక్షింపరాదనిరి. 2019 నవంబరు 14న పునర్విచారణసందర్భమున ఇందలి మూలప్రశ్నలు విస్తృతధర్మాసనమునకు నివేదింపబడెను. పరస్పరవిరుద్ధములుగా తోచు ఈ రెండు దృష్టులును మూల్కి తీర్పున ఒకే చోట నుండెను: విశ్వాసమును విశ్వాసి చెప్పినట్లు గ్రహించుట, బహిష్కృతుని హక్కును ప్రబలముగా నిలుపుట. అరువది ఏండ్ల తరువాత అవి విడిపోయి రెండు పక్షములైనవి.

ఇది మన దేశపు ప్రశ్న మాత్రమే కాదు. 2018 జూను 4న అమెరికా సర్వోన్నత న్యాయస్థానము కొలరాడో రాష్ట్రపు వ్యాజ్య మొకటి తీర్చెను. ఇద్దరు పురుషుల వివాహమునకు కేకు చేసియిచ్చుట తన క్రైస్తవవిశ్వాసమునకు విరుద్ధమని ఒక దుకాణదారుడు నిరాకరించెను. వివక్షానిషేధశాసనము క్రింద రాష్ట్రపు పౌరహక్కుల సంఘము అతనిని తప్పుపట్టెను. న్యాయస్థానము ఏడుగురి మతమున సంఘపు నిర్ణయమును కొట్టివేసెను. విశ్వాసమే గొప్పదని చెప్పి కాదు. ఆ సంఘము విచారణవేళ అతని విశ్వాసముపట్ల వైరభావము చూపినదని చెప్పి. రెండు హక్కులలో ఏది ప్రబలమను మూలప్రశ్నను అది తీర్పక విడిచినది. అక్కడి చరిత్ర వేఱు, చట్టము వేఱు. గుడిప్రవేశమును కేకు అమ్మకమును ఒకటి కావు. కాని ఒక నీతి ఉభయత్ర సమానము. సమత్వశాసనమును అమలుజరుపువాడు విశ్వాసిని తృణీకరించి మాటలాడినచో, ఆ తృణీకారమే శాసనమునకు ముప్పు తెచ్చును.

ఉపసంహారము

ఈ విచారమువలన తేలిన దేమనగా: వివక్షానిషేధశాసనమును మతస్వాతంత్ర్యమును ఢీకొన్నప్పుడు వ్యాఖ్యాత మొదటిధర్మము ఓడబోవువాని మాటను అతడు చెప్పినట్లే వ్రాయుట. మూల్కి తీర్పు ఈ ధర్మమును పాటించినది. అందువలననే దాని సిద్ధాంతమునకు బలము కలిగినది. వ్యాఖ్యాత రెండవధర్మము, వెలుపల నిలిచినవాడు ఏమి కోల్పోవుచున్నాడో అతని నోటనే వినుట. దీనిని మూల్కి తీర్పు సగమే పాటించినది. అందువలననే దాని కొలత సందిగ్ధముగా మిగిలినది. తరువాతివారు దాని లోపమును దిద్దుటకు మాఱుగ దాని గుణమును విడిచిరి.

మూలవాక్యములు రెండును బ్రదుకునట్లు అర్థము చెప్పవలెనని మన పూర్వులు వ్యాఖ్యాతలకు విధించిన నియమము. వాక్యములవలెనే మనుష్యులును. లోపలివాడును వెలుపలివాడును ఇద్దరును ఆ గుడిముందఱ తలయెత్తి నిలువగల అర్థమును వెదకుట తీర్పరులకే కాదు, వ్యాఖ్యానవిద్య నభ్యసించు మనకును కర్తవ్యమని నా మనవి. దోషములున్నచో విజ్ఞులు సూచింతురుగాక.